రేడియేటర్‌లో తయారయ్యే సముద్రం: బోరు నీళ్లు ట్రాక్టర్ ఇంజన్‌ను ఎలా తినేస్తాయి

పోయిన ఎపిసోడ్‌లో ఉప్పునీళ్ల వల్ల పడవ ఇంజన్లు ఎలా పాడవుతాయో మాట్లాడుకున్నాం. అది చూసి జమ్మలమడుగు వైపు నుంచి ఒక అన్న అడిగాడు: "తమ్ముడూ, బాగానే చెప్పినావు గానీ, మన కడప, కర్నూలులో సముద్రం యాడుంది? పడవ యాడుంది? మాకు పనికొచ్చేది ఏమన్నా చెప్పు."

న్యాయమైన మాటే. పడవలు అసలు లేవని కాదు. గండికోటలో బోటింగ్ ఉంది, సంగమేశ్వరం దగ్గర శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో పడవలు తిరుగుతాయి. 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్విన మన కేసీ కెనాల్ కూడా సాగునీటికి ఒక్కదానికే కాదు, పడవల రాకపోకలకు కూడా కలిపి వేసిన ప్లానే. కానీ అవన్నీ మంచినీళ్లు. మన దగ్గర ఉప్పునీళ్లు ఉన్నది నేల కింద. వాటిని మనమే తోడి, మన చేత్తోనే ఇంజన్‌లో పోస్తున్నాం. ట్రాక్టర్ రేడియేటర్‌లో పోసే బోరు నీళ్ల గురించి చెప్తున్నా.

ముందు సముద్రం సంగతి రెండు ముక్కల్లో గుర్తు చేస్తా. పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ ఇంజన్‌కి రేడియేటర్ ఉండదు. నీళ్లలో మునిగిన భాగంలో రబ్బరు రెక్కల పంపు ఒకటి ఉంటుంది. అది సముద్రపు నీళ్లనే పైకి లాగి, సిలిండర్ల చుట్టూ తిప్పి, మళ్లీ సముద్రంలోకే వదిలేస్తుంది. అందుకే ఒడ్డుకు రాగానే మంచినీళ్ల పైపు పెట్టి లోపలంతా కడగాలి అంటారు. పెద్ద పడవల్లో అయితే ఇంజన్ లోపల కూలంట్ తిరుగుతుంది, ఆ కూలంట్‌ను ఇంకో డబ్బాలో సముద్రపు నీళ్లు చల్లబరుస్తాయి. ఉప్పునీళ్లు తగిలే చోట జింక్ ముక్క బిగిస్తారు. ఆ జింక్ ముందు తినేయబడుతుంది, మిగతా లోహం బతుకుతుంది. ఈ ఉపాయం 1824 నాటిది, హంఫ్రీ డేవీ అనే ఆయన బ్రిటిష్ నేవీ ఓడల అడుగున ఉండే రాగిరేకుల కోసం కనిపెట్టాడు. మన బాత్రూం గీజర్‌లో ఉండే మెగ్నీషియం కడ్డీ చేసే పని కూడా అదే.

ఇప్పుడు మన ట్రాక్టర్‌కి వద్దాం. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పులు ఉంటాయి, అంటే టీడీఎస్ 35,000. తాగే నీళ్లకు మన ఇండియన్ స్టాండర్డ్ 500 దాకా మంచిది అంటుంది, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. మన వైపు బోర్లలో 1500 చూపించడం వింత కాదు. "1500 ఎక్కడ, 35,000 ఎక్కడ? దీన్ని పట్టుకుని ఉప్పునీళ్లు అంటావేంది" అనొచ్చు మీరు.

చిన్న లెక్క వేద్దాం. రేడియేటర్, బ్లాక్ కలిపి 10 లీటర్లు పడుతుంది అనుకోండి. 1500 టీడీఎస్ నీళ్లు నింపితే లోపలికి పోయిన ఉప్పులు 15 గ్రాములు. ఎండాకాలం, రోటవేటర్ పని, రేడియేటర్ మూత రబ్బరు అరిగిపోయింది. రోజుకు అర లీటరు ఆవిరైపోతుంది, పొద్దున్నే మనం అర లీటరు పోస్తాం. ఆవిరిగా బయటికి పోయేది నీళ్లు మాత్రమే. ఉప్పు పోదు, లోపలే ఉంటుంది. ప్రతి అర లీటరుతో ముప్పావు గ్రాము కొత్తగా చేరుతుంది. 100 రోజులకు 75 గ్రాములు, మొదటి 15 కలిపితే 90. పది లీటర్లలో 90 గ్రాములు అంటే లీటరుకు 9 గ్రాములు. సముద్రంలో నాలుగో వంతు! మనం చేసింది రోజూ అర లీటరు టాపప్ మాత్రమే. ప్రోగ్రామింగ్ చేసినవాళ్లకు మెమరీ లీక్ అంటే వెంటనే అర్థమవుతుంది, అచ్చం అదే కథ. చేరుతూ ఉంటుంది, ఖాళీ అవ్వదు.

ఈ ఒక్క విషయంలో ఔట్‌బోర్డ్ ఇంజనే నయం అంటాను నేను. దాంట్లో ఉప్పునీళ్లు ఒకసారి తిరిగి వెళ్లిపోతాయి. మన దాంట్లో అవే నీళ్లు నెలల తరబడి మరుగుతూ చిక్కబడతాయి.

ఈ లెక్కలో ఒక తేడా ఉంది. చేరిన ఉప్పంతా నీళ్లలో కరిగి ఉండదు. అందులో కొంత గోడకు పడుతుంది, దాన్నే మనం సున్నం పట్టింది అంటాం. మన నేల గురించి తెలిస్తే ఇది ఎందుకో తెలుస్తుంది. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు, బేతంచెర్ల నాపరాళ్లు, కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు, అన్నిటికీ మూలం సున్నపురాయే. వాన నీళ్లు నేలలో బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, ఆ రాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ కిందికి పోతాయి. బెలుం గుహల్లో పైకప్పు నుంచి చుక్క కారినప్పుడు ఆ వాయువు గాల్లోకి పోతుంది, కరిగిన సున్నం మళ్లీ రాయి అవుతుంది. అట్లా వేల ఏళ్లకు పైనుంచి వేలాడే రాళ్లు తయారవుతాయి. ఇంజన్‌లో అదే కెమిస్ట్రీ, కాకపోతే వేడి వల్ల పని త్వరగా అయిపోతుంది. అందుకే సున్నం ఎక్కడపడితే అక్కడ సమానంగా పట్టదు. బాగా వేడెక్కే చోట, అంటే సిలిండర్ హెడ్‌లో ఎగ్జాస్ట్ వాల్వ్ చుట్టుపక్కల, లైనర్ పైభాగంలో ఎక్కువ పడుతుంది. ఎక్కడ చల్లదనం ఎక్కువ కావాలో సరిగ్గా అక్కడే దుప్పటి కప్పినట్టు! ఆ పొర వేడిని పోనిచ్చేది క్యాస్ట్ ఐరన్‌తో పోలిస్తే ఇరవయ్యో వంతు కూడా ఉండదు. మీటర్ ముల్లు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే అది చూసేది నీళ్ల వేడిని, ఇనుము వేడిని కాదు. ఒకరోజు హెడ్ గ్యాస్కెట్ పోతుంది, లేదంటే హెడ్ పగులుతుంది. అది కూడా దుక్కుల టైంలోనే అవుతుంది, ఎందుకంటే బండి కష్టపడేది అప్పుడే కాబట్టి.

సున్నం ఒక సగం. రెండో సగం క్లోరైడ్, అంటే అసలు ఉప్పు. అల్యూమినియం మీద సహజంగా పలుచటి ఆక్సైడ్ పొర ఉంటుంది, అదే దానికి కవచం. క్లోరైడ్ ఆ కవచాన్ని అక్కడక్కడా గుచ్చుతుంది, అక్కడి నుంచి సూది బెజ్జాలు లోపలికి దిగుతాయి. ఉప్పు కలిసిన నీళ్లలో కరెంటు కూడా బాగా పారుతుంది. అంటే ఇనుప బ్లాకు, అల్యూమినియం వాటర్ పంపు, రాగి రేడియేటర్, అన్నీ ఒకే నీళ్లలో మునిగి ఒక బ్యాటరీ లాగా పనిచేస్తాయి. ఆ బ్యాటరీలో కరిగిపోయేది పాపం అల్యూమినియం. పైగా వెట్ లైనర్ ఉన్న డీజిల్ ఇంజన్లలో లైనర్ అదురుడుకు దాని బయటి గోడ మీద చిన్న చిన్న బుడగలు పుట్టి పగులుతుంటాయి. ఉత్త నీళ్లయితే అవి ఇనుమును చెక్కుతాయి. ఆ చెక్కుడు అటువైపు దాకా వెళ్తే కూలంట్ నీళ్లు ఇంజన్ ఆయిల్‌లో కలుస్తాయి. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే బండి అక్కడే ఆపేయండి.

మరి ఏ నీళ్లు పోయాలి? కేటర్‌పిల్లర్ కంపెనీ కూలంట్‌లో కలిపే నీళ్లకు పెట్టుకున్న హద్దులు చూడండి: లీటరుకు క్లోరైడ్ 40 మిల్లీగ్రాములు, గట్టిదనం 170, మొత్తం కరిగినవి 340 దాటకూడదు. తాగే నీళ్లకు క్లోరైడ్ 250 దాకా మంచిదే అంటారు. అంటే మనిషి తాగగలిగిన నీళ్లు ఇంజన్ తాగలేదు! బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ అన్నిటికన్నా మంచిది. అది లేకపోతే ఫిల్టర్ నీళ్ల క్యాన్. కాకపోతే ప్లాంటును గుడ్డిగా నమ్మకుండా టీడీఎస్ మీటర్ పెట్టి చూసుకోండి, కొన్ని వందలకే వస్తుంది. శుభ్రంగా పట్టిన వాన నీళ్లు కూడా పనికొస్తాయి. కెనాల్ నీళ్లు బోరు కన్నా మేలే గానీ, బురద ఉంటుంది కాబట్టి నేనైతే పోయను.

ఇంకో అపోహ. "కూలంట్ చలి ప్రాంతాలకు, మనకెందుకు" అంటారు. గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి, అది మనకు అవసరం లేదు, ఒప్పుకుంటా. కానీ అందులో తుప్పును, లైనర్ చెక్కుడును ఆపే మందులు ఉంటాయి. మనం డబ్బు పెట్టేది వాటికి. ఆ మందులు వయసు అయిపోతాయి, కాబట్టి మాన్యువల్‌లో రాసిన టైంకి మార్చాలి. రంగు చూసి రెండు రకాలు కలపొద్దు. అలాగే మూత. దాని మీద 0.9 బార్ అని ఉంటే ఆ ఒత్తిడిలో నీళ్లు మరిగేది 100 దగ్గర కాదు, సుమారు 118 డిగ్రీల దగ్గర. రబ్బరు పోయిన మూతతో ఈ లాభం పోతుంది, ఇందాక చెప్పిన అర లీటరు ఆవిరి మొదలవుతుంది. మొత్తం కథలో అన్నిటికన్నా చౌక రిపేరు ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే.

ఇప్పటికే సున్నం పట్టినవాళ్ల సంగతి. కొన్ని చోట్ల బాత్రూం యాసిడ్ పోసేస్తారు. వద్దు. అది సున్నంతో పాటు అల్యూమినియాన్ని, రేడియేటర్ అతుకులను కూడా తింటుంది. రేడియేటర్ ఫ్లష్ దొరికితే అది వాడండి. లేకపోతే కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు, లీటరుకు 50 గ్రాముల లెక్కన. పాత నీళ్లు మొత్తం దించేసి, ఇది నింపి, అరగంట ఇంజన్ నడిపి, చల్లారాక దించేయాలి. తర్వాత మంచినీళ్లతో కనీసం మూడుసార్లు కడగాలి, ఆ కడిగేది కూడా బోరు నీళ్లతో కాదు. ఒక మాట ముందే చెప్తున్నా: బాగా పాత రేడియేటర్ అయితే, బెజ్జాలను ఇన్నాళ్లూ మూసి ఉంచింది ఆ సున్నమే కావొచ్చు. కడిగాక కారడం మొదలైతే నిమ్మ ఉప్పును తిట్టుకోకండి. అనుమానం ఉంటే రేడియేటర్ విప్పి షాపులో ఇవ్వడమే మేలు.

పొలంలో బండి కాగిపోతే మూత తీయొద్దు, చల్లటి నీళ్లు గుప్పించొద్దు. ఎర్రగా కాలిన పెనం మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో హెడ్‌కి అదే అవుతుంది. నీడకు తెచ్చి, చల్లారేదాకా ఆగాలి.

ఇదే లెక్క సబ్‌మెర్సిబుల్ మోటరుకు కూడా. నీళ్లు నింపే రకం మోటరును బోరులో దించే ముందు లోపల శుభ్రమైన నీళ్లు నింపాలి. చాలాచోట్ల పక్కనున్న తొట్టిలో నీళ్లే ముంచి పోస్తారు. ఒక్క క్యాన్ ఫిల్టర్ నీళ్లు తీసుకెళ్లండి, అంతే.

ఏసీ నుంచి కారే నీళ్లు పోయొచ్చా అని కొందరు అడుగుతుంటారు. అవి దాదాపు డిస్టిల్డ్ వాటరే, కాకపోతే ఏసీ లోపలి దుమ్ము కలిసి ఉంటుంది. గుడ్డలో వడకట్టి అత్యవసరానికి వాడుకోవచ్చు, రోజూ వద్దు.

దించేసిన పాత కూలంట్ మాత్రం గట్టు మీద పారబోయకండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, దూడలు నాకుతాయి, కిడ్నీలు పోయి చనిపోతాయి. డబ్బాలో పట్టి, మూత బిగించి, పిల్లలకూ పశువులకూ అందని చోట పెట్టి, పాత ఆయిల్ తీసుకునే షాపులో అడిగి చూడండి.