మరపడవకు తగిన పంకా

కాళేశ్వరమువద్ద, ప్రాణహిత గోదావరిలో కలియుచోట, మరపడవ గల సభ్యుడొకడు “ఇంజను బలము చాలదు, పెద్దది కొనుటకు సంఘము అప్పిచ్చునా?” అని మమ్మడిగెను. మేము ముందుగా చమురు వడపోత శుభ్రము చేయించి, పంకా ఱెక్కలు రాళ్లకు తగిలి వంగలేదని చూచితిమి. లోపము పంకా కొలతలో నుండెను.

నీరు జారకున్నచో పంకా ఒక్క చుట్టునకు ముందునకు సాగు అంగుళముల లెక్కయే పిచ్. మామూలు బరువు నింపి పూర్తిగా నడుపునపుడు ఇంజను తనకు నిర్ణయించిన చుట్లను అందుకొనక మూలిగినచో పిచ్ ఎక్కువ. వానిని మించినచో తక్కువ. ఖాళీపడవతో పరీక్షించుట, బండి నింపక ఎద్దుల బలము చూచినట్లే. పడవ వెనుక తగిలించు మోటార్లలో అంగుళము తగ్గించిన నిమిషమునకు సుమారు 150 మొదలు 200 చుట్లు పెరుగును.

అతడు 2 అంగుళములు తగ్గించెను. అప్పు మాట మరల ఎత్తలేదు.