గుర్రం వెన్ను, మనిషి బరువు: ఎక్కే ముందు వేయవలసిన లెక్క

గడచిన ముహూర్తాల కాలంలో మూకండపల్లిలో ఒక పెండ్లి ఊరేగింపు మా వీధి గుండా సాగింది. ఇటీవల మన సరిహద్దు గ్రామాలలో వరుని గుర్రంపై ఊరేగించే వేడుక ఎక్కువైన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆనాటి గుర్రం కొంచెం పొట్టిది. దానిపై నిండైన విగ్రహం గల వరుడు, అతని ముందు నాలుగేండ్ల మేనల్లుడు కూర్చున్నారు. మరునాడు ఆరవ తరగతి బాలుడొకడు లేచి, "సార్, నిన్న ఆ గుర్రం రెండు మూడు సార్లు తడబడింది. దానికి బరువు ఎక్కువైందా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా పక్కవాడు, "గుర్రమంటేనే మోసేది కదరా!" అన్నాడు.

పెద్దలలోనూ చాలామంది ఆలోచన ఆ రెండవ బాలుని మాటవంటిదే. గుర్రం బలమైన జంతువే. అయితే ఆ బలానికి ఒక హద్దు ఉన్నది. ఆ హద్దును తెలుసుకొనుటకు ఆరవ తరగతి శాతాల లెక్క సరిపోతుంది.

మన నేలకు గుర్రం కొత్త కాదు

హోసూరు చెంత మత్తిగిరిలో ఉన్న ప్రభుత్వ పశుక్షేత్రాన్ని మనమందరమూ చూచినవారమే. 1824లో, ఈస్టిండియా కంపెనీ కాలంలో, అది మొదలైనది పాల కొరకు కాదు. సైన్యానికి కావలసిన గుర్రాల కొరకు. అటుపై అది పశుసంవర్ధక శాఖ చేతికి వచ్చింది. ఆ కాలపు అశ్వికదళాలకు గుర్రం మోయగల బరువు ప్రాణసమానమైన విషయం. సైనికుడు, జీను, ఆయుధం, దుప్పటి, దాణా అన్నీ ఒకే వెన్నుపైకి చేరేవి. వెన్ను పుండ్లు పడిన గుర్రం యుద్ధానికి పనికిరాదు. అందువలన బరువును గురించి మొట్టమొదట శ్రద్ధగా ఆలోచించినవారిలో సైన్యాలవారు ముఖ్యులు.

వెన్ను ఎట్లా మోస్తుంది?

గుర్రపు వెన్నెముకను వాగుపై వేసిన వంతెనతో పోల్చవచ్చును. ముందుకాళ్ళు, వెనుకకాళ్ళు దానికి స్తంభాలు. మనము కూర్చునే చోటు ఆ వంతెన నడిమి భాగం. అక్కడ ఎముకల కింద ఆధారమేదీ లేదు. వెన్నుకు ఇరువైపులా ఉన్న పొడవైన కండరాలు, పొట్టకింది కండరాలు కలిసి ఆ వంతెన కుంగకుండా నిలబెడతాయి. పైగా, నిలుచున్న గుర్రపు బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ళపైనే ఉంటుంది. పైన మనిషి ఎక్కితే ఆ కాళ్ళకు భారం మరింత పెరుగుతుంది.

బరువు మితిమీరినప్పుడు కండరాలు అలసి వెన్ను కిందికి కుంగుతుంది. అడుగు పొట్టిదవుతుంది, తడబాటు వస్తుంది. ఆ బాలుడు గమనించినది ఇటువంటి తడబాటే కావచ్చును.

ఇరువది శాతం అనే కొలత

1920లో వెలువడిన అమెరికా అశ్వికదళ గ్రంథం ఆశ్వికుని బరువు, సామాగ్రి బరువు కలిపి గుర్రపు బరువులో 20 శాతం మించరాదని సూచించింది. ఇది అనుభవం చెప్పిన మాట. తరువాత శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించారు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంవారు 8 గుర్రాలపై 15, 20, 25, 30 శాతం బరువులను మార్చి మార్చి పెట్టి వ్యాయామం చేయించారు. 2008లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం 15, 20 శాతాల వద్ద పెద్ద ఇబ్బంది కనబడలేదు. 25, 30 శాతాల వద్ద గుండె వేగం, కండరాల నొప్పి, బిగుతు పెరిగాయి. నడుము వెడల్పుగా, కాలి ఎముక లావుగా ఉన్న గుర్రాలకు నొప్పి తక్కువగా ఉండుట మరొక విశేషం.

ఇంగ్లాండులో జరిగి 2019లో ప్రచురితమైన పరిశోధనలో వేర్వేరు బరువులు గల నలుగురు ఆశ్వికులు 6 గుర్రాలపై స్వారీ చేశారు. బరువైన ఇద్దరు ఎక్కిన 13 పరీక్షలనూ మధ్యలోనే ఆపవలసి వచ్చింది. వానిలో 12 సార్లు కారణం గుర్రం కుంటుటయే. ఆ కుంటు తాత్కాలికమే. ఇందులో బరువుతో పాటు జీను అమరికకు, కూర్చున్న తీరుకు కూడా పాత్ర ఉన్నదని గుర్తుంచుకోవాలి. కాబట్టి 20 శాతమన్నది దాటరాని గట్టు వంటిది. మామూలు గుర్రానికి 15 శాతం లోపు ఉండుట క్షేమం.

తూనికయంత్రం లేకుండా గుర్రపు బరువు

మన ఊళ్ళలో గుర్రాన్ని తూచే యంత్రం దొరకదు. దర్జీ వాడే టేపు చాలు. ముందుకాళ్ళ వెనుకగా రొమ్ము చుట్టుకొలతను, భుజపు కొన నుండి పిరుదు కొన వరకు పొడవును సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, దానిని పొడవుతో గుణించి, వచ్చినదానిని 11,880తో భాగించితే పెద్ద గుర్రపు బరువు సుమారుగా కిలోలలో వస్తుంది.

ఉదాహరణకు చుట్టుకొలత 160, పొడవు 140 సెంటీమీటర్లు అనుకుందాం. 160ని 160తో గుణిస్తే 25,600. దానిని 140తో గుణిస్తే 35,84,000. 11,880తో భాగించితే దాదాపు 300 కిలోలు. అందులో 20 శాతం 60 కిలోలు, 15 శాతం 45 కిలోలు.

ఇప్పుడు పెండ్లికొడుకు 75 కిలోలు, అలంకరించిన జీను 10 కిలోలు, ముందు కూర్చున్న బిడ్డ 15 కిలోలు అయితే మొత్తం 100 కిలోలు. అంటే గుర్రపు బరువులో మూడవ వంతు! తలపాగా, దండలు ఇంకా లెక్కలోకి రాలేదు. బిడ్డను దించి, జీను తేలికపరచినా ఆ వరునికి ఆ గుర్రం చాలదు. 500 కిలోల గుర్రమైతే 20 శాతం హద్దు 100 కిలోలు. బిడ్డను దించితే మిగిలే 85 కిలోలు 17 శాతమే అవుతుంది.

పందెపు గుర్రాలను చూడండి. అవి సాధారణంగా 450 నుండి 500 కిలోల బరువుంటాయి. వానిపై స్వారీ చేసే జాకీ, జీనుతో కలిపి, చాలావరకు 50 నుండి 60 కిలోల మధ్యనే ఉంటాడు. అంటే 11 లేక 12 శాతం. పందెమునకు ముందు, తరువాత కూడా అతనిని జీనుతో సహా తూచుతారు. అయితే ఆ బరువు కొరకు కడుపు మాడ్చుకొనుట, నీరు త్రాగకుండుట ఆరోగ్యానికి చేటు. జాకీ కావాలని కలలు కనే పిల్లలకు ఈ మాట తల్లిదండ్రులు తప్పక చెప్పాలి.

చట్టం ఏమంటున్నది?

1960 నాటి జంతు హింసా నివారణ చట్టం కింద 1965లో వచ్చిన నియమావళి బరువులు మోసే జంతువులకు హద్దులు పెట్టింది. తట్టు గుర్రానికి 70 కిలోలు, గాడిదకు 50 కిలోలు, కంచర గాడిదకు 200 కిలోలు. రోజుకు మొత్తం 9 గంటలకు మించి గాని, విరామం లేకుండా 5 గంటలకు మించి గాని పని చేయించరాదు. పెద్దమనిషి ఒక్కడే 70 కిలోలు దాటే రోజులివి. కొండపై విహారానికి వెళ్ళి చిన్న తట్టు గుర్రాలను ఎక్కే కుటుంబాలు ఈ అంకెను జ్ఞాపకం ఉంచుకోవాలి.

బరువుగా ఉండుట తప్పు కాదు

ఈ వ్యాసం లావైనవారిని చిన్నబుచ్చుటకు కాదు. గుర్రానికీ మనిషికీ జత కుదరకపోవుటే ఇక్కడ దోషం. పెద్ద శరీరం గలవారికి పెద్ద గుర్రం కావాలి. అది దొరకనప్పుడు బండి మేలు. బండిలో బరువును చాలావరకు చక్రాలు మోస్తాయి; గుర్రం లాగితే చాలు. వెన్నుపై మోయలేని బరువును అదే జంతువు చక్రాలపై సులువుగా లాగగలదు. మన పెద్దలు జట్కాలో వెళ్ళుటలో ఎంత వివేకమున్నదో దీనివలన తెలుస్తుంది. బండికీ మితి ఉన్నదన్నది వేరే మాట.

గుర్రం బాధను మాటలతో చెప్పలేదు గాని గుర్తులతో చెబుతుంది. చెవులు వెనుకకు అదిమిపెట్టుట, తోకను పదే పదే విసరుట, నోరు తెరచుట, ఎక్కబోతే పక్కకు జరుగుట, అడుగు తడబడుట వానిలో కొన్ని. జీను పడే చోట తెల్లని వెంట్రుకల మచ్చలుంటే అక్కడ మునుపు ఒరిపిడి జరిగినదని తెలుసుకోవాలి.

బయానా ఇచ్చే ముందు

పెండ్లివారు గుర్రానికి బయానా ఇచ్చే ముందు యజమానిని నాలుగు విషయాలు అడగవచ్చును. దాని బరువు ఎంత? వయసు ఎంత? ఆనాడు అది ఎన్ని ఊరేగింపులకు వెళుతున్నది? వెన్నుపై పుండ్లు ఉన్నవా? గుర్రపు వెన్నెముక పూర్తిగా గట్టిపడుటకు ఐదారేండ్లు పడుతుంది గనుక లేత గుర్రాన్ని వద్దనండి. వరుడు నేలమీద నుండి రికాబులో కాలుపెట్టి వేలాడక అరుగు మీద నుండి ఎక్కితే గుర్రపు వెన్ను ఒకవైపునకు లాగబడదు. బిడ్డను మేనమామ ఎత్తుకొని పక్కన నడిస్తే వేడుకకు లోటేమీ రాదు.

ఆనాడు తరగతిలో ఈ లెక్కను నల్లబల్లపై వేయించాను. చివరి అంకె రాగానే, "గుర్రమంటేనే మోసేది కదరా" అన్న బాలుడే లేచి, "అయితే సార్, మా అన్న పెండ్లికి బండి పెట్టమంటాను" అన్నాడు. ఇంటికి వెళ్ళి వాడు ఆ మాట చెప్పినప్పుడు పెద్దలు నవ్వి ఊరుకోకుండా టేపు తీస్తారని ఆశిస్తున్నాను.