ఒళ్లో పాప.. ఎదురుగా ఎయిర్‌బ్యాగ్: ఎంత ప్రమాదమో తెలుసా?

అబిడ్స్ జీపీవో దగ్గర ట్రాఫిక్ నత్తనడక. నాంపల్లి ఎగ్జిబిషన్‌కు వెళ్తున్న కారులో ముందు సీట్లో అమ్మ, ఆమె ఒళ్లో పాప. 'మెల్లగానే వెళ్తున్నాం, ఎయిర్‌బ్యాగ్ ఉందిగా' అని మీరూ అనుకుంటున్నారా? ఆ బ్యాగే పాప ప్రాణం మీదికి తేవచ్చు.

ఎలా పనిచేస్తుంది?

కారు దేన్నైనా బలంగా ఢీకొంటే సెన్సర్లు వెంటనే పసిగడతాయి. ఇన్‌ఫ్లేటర్‌లోని రసాయనం మండి వాయువు పుడుతుంది. గంటకు దాదాపు 300 కి.మీ. వేగంతో బ్యాగ్ దూసుకొస్తుంది. రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో ఇదంతా జరిగిపోతుంది. గోడను సుమారు 20 కి.మీ. వేగంతో గుద్దినా తెరుచుకోవచ్చు. బెల్టు లేకపోతే ముందుకు తూలిన మనిషికి ఆ దెబ్బ నేరుగా తగులుతుంది. అందుకే ఎయిర్‌బ్యాగ్ బెల్టుకు తోడే తప్ప బదులు కాదు.

ఇవి పాటించండి

* పిల్లలను వెనుక సీట్లో, వయసుకు తగిన చైల్డ్ సీటులో కూర్చోబెట్టండి. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటును ఎయిర్‌బ్యాగ్ ముందు అస్సలు పెట్టొద్దు.
* స్టీరింగ్‌కు, ఛాతీకి మధ్య కనీసం 25 సెం.మీ. దూరం ఉంచండి.
* డ్యాష్‌బోర్డుపై కాళ్లు పెట్టొద్దు. బ్యాగ్ తెరుచుకునే చోట బొమ్మలూ వద్దు.
* బంపర్‌కు క్రాష్ గార్డు బిగిస్తే సెన్సర్లు సరిగా పనిచేయకపోవచ్చు.
* ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆరకుండా వెలుగుతుంటే వెంటనే సర్వీస్ సెంటర్‌లో చూపించండి.

చట్టం ఏమంటోంది?

కొత్త కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి, పక్క సీటుకు 2021 నుంచి తప్పనిసరి. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు లేదా చైల్డ్ సీటు లేకుండా కారు నడిపితే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం రూ.1,000 జరిమానా.