ఇంజన్ ఆయిల్ చుక్కలు - ఖర్చు లెక్కలు

భద్రాచలం చుట్టుపక్కల ఊళ్లలో కారు, జీపు ఉండటం దర్జా కోసం కాదు, బతుకుతెరువు కోసం. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కాలన్నా, అర్ధరాత్రి రోగిని భద్రాచలం ఆసుపత్రికి తేవాలన్నా బండే ఆధారం. మన హాస్టల్ విద్యార్థుల ఇళ్లలో డ్రైవర్లూ ఉన్నారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయిల్ లీకు గురించి నాలుగు మాటలు రాస్తున్నాము.

ఇంజన్‌లో ఆయిల్ రాపిడిని తగ్గిస్తుంది, వేడిని లాగుతుంది, మసిని కడుగుతుంది, పిస్టన్ రింగుల దగ్గర సందును మూస్తుంది. ఆయిల్ బాగా తగ్గిపోతే బేరింగులు అరిగి, చివరకు ఇంజన్ పట్టేస్తుంది. అప్పుడు అయ్యే ఖర్చుకు ఇల్లు అప్పులపాలవుతుంది.

"ఒక్క చుక్కే కదా" అంటారు. లెక్క చూద్దాం. నిమిషానికి ఒక చుక్క అయితే రోజుకు 1,440 చుక్కలు. ఇంచుమించు 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అంటే రోజుకు 72 మి.లీ., నెలకు 2 లీటర్ల పైమాటే! చాలా కార్లలో గేజీ పుల్ల మీద పై గీతకూ కింది గీతకూ తేడా సుమారు 1 లీటరు. అంటే రెండు వారాలకే కింది గీతకు వచ్చేస్తుంది.

మరి లీకు ఎక్కడో ఎలా తెలుసుకోవాలి? రాత్రి బండి కింద అట్టముక్క పరిచి ఉదయం చూడాలి. గోధుమ లేక నలుపు రంగు జిడ్డు మరక అయితే అది ఇంజన్ ఆయిల్ కావచ్చు. ఆకుపచ్చ లేక ఎర్రని నీళ్లలా ఉంటే రేడియేటర్ కూలెంట్ కావచ్చు. ఆయిల్ పై నుంచి కిందికి జారుతుంది, గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి మరక పడిన చోటే లీకు ఉండనక్కరలేదు. ఇంజన్‌ను శుభ్రంగా తుడిచి, కొంత దూరం నడిపి, పై నుంచి వెతకాలి. ట్యాపెట్ కవరు ప్యాకింగు, ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు వాషరు, చాంబర్ ప్యాకింగు, క్రాంక్ ఆయిల్ సీళ్లు - ఇవే ముఖ్యమైన చోట్లు. లోపలి ఆవిరి బయటకు పోయే బ్రీదర్ గొట్టం మూసుకుపోయినా ఒత్తిడి పెరిగి ఆయిల్ బయటకు తన్నుతుంది. అది శుభ్రం చేయకుండా సీళ్లు మార్చినా ఫలితం ఉండదు.

వాషరు, ఫిల్టరు మార్చడం చిన్న ఖర్చు. వెనుక క్రాంక్ సీలు కూడా చౌకే, కానీ దానికోసం గేర్‌బాక్సు దించాలి. అసలు ఖర్చు ఆ కూలిదే. క్లచ్ ప్లేట్ల కోసం గేర్‌బాక్సు దించినప్పుడే పాత సీలు కూడా మార్పిస్తే ఆ కూలి రెండోసారి తప్పుతుంది. అంచనా వేయించేముందు "మేస్త్రీ గారూ, ఎక్కడ నుంచి కారుతోందో చూపించండి" అని అడగాలి. అడగడం తప్పు కాదు.

కొన్ని జాగ్రత్తలు: వారానికోసారి బండిని సమంగా ఉన్న నేల మీద ఆపి, పది నిమిషాలు ఆగి, గేజీ పుల్ల చూడాలి. పై గీత దాటి ఆయిల్ పోయకూడదు. లీకు ఆపే మందులు చిన్న చెమ్మకే, అదీ తాత్కాలికంగా పనిచేస్తాయి. చిరిగిన ప్యాకింగును అవి అతికించలేవు. ఎర్రని ఆయిల్ దీపం వెలిగితే అడవిలో ఉన్నా సరే వెంటనే ఇంజన్ ఆపాలి. "ఊరు దగ్గరే కదా" అని నడిపితే ఇంజనే పోవచ్చు.

చివరగా, తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయవద్దు. మన కాలువలు గోదావరిలోకే చేరతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే షెడ్డులో ఇవ్వాలి. మిత్రులారా, సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు గేజీ పుల్ల చూడటం మీవాళ్లకు నేర్పండి.