మీకు తెలుసా? పశుపతిని దాచిన బంగళా బనగానపల్లెది!

2009 సంక్రాంతికి వచ్చిన ‘అరుంధతి’ కథ గద్వాల సంస్థానంలో నడుస్తుంది. తెరమీద వణికించిన ఆ పాడుబడ్డ బంగళా మాత్రం కర్నూలు సీమలోని బనగానపల్లెలో ఉంది. అది నవాబుల కట్టడం. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసి కర్నూలు జిల్లాలో చేరేదాకా బనగానపల్లె వాళ్ల సంస్థానమే. 2022 నుంచి ఈ ఊరు నంద్యాల జిల్లాలో ఉంది.

సినిమా వచ్చేదాకా మామిడిపండుకే పేరున్న ఊరికి దయ్యాల కోట కీర్తి కూడా తోడైంది! దగ్గర్లోని యాగంటి గుడికి ఉమామహేశ్వరుణ్ని చూడవచ్చినవాళ్లు ‘అరుంధతి కోట ఎక్కడ?’ అని అడుగుతుంటారు. నవాబుల పేరు అడిగేవాళ్లు తక్కువే.

‘అరుంధతి’ దర్శకుడు కోడి రామకృష్ణ, నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి. 1995లో ‘అమ్మోరు’ తీసిన జంటే ఇది. సినిమాలో అఘోరాల దగ్గర క్షుద్రవిద్యలు నేర్చి వచ్చిన ప్రతినాయకుడు పశుపతిని కథానాయిక జేజమ్మ మంత్రంతో కాదు, నాట్యంతో ఏమార్చి పడగొడుతుంది. సినిమాకు అసలు పట్టు ఆ ఘట్టమే.

పశుపతిగా కనిపించింది సోనూ సూద్, వినిపించిన గొంతు పి. రవిశంకర్‌ది. ఆ గొంతులో పలికిన ‘వదల బొమ్మాళీ’ మాటతో ఆయన్ని జనం ‘బొమ్మాళి’ రవిశంకర్ అనే పిలుస్తున్నారు.