డెబ్బై దాటితే కీమో వద్దని ఎవరు చెప్పారు?

మెడ పక్కన గడ్డ. బయాప్సీలో లింఫోమా అని తేలింది, అందులోనూ వేగంగా పెరిగే డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ రకం. పేషెంటుకు 72 ఏళ్ళు. రిపోర్టు చేతికొచ్చిన సాయంత్రానికల్లా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో తీర్పు వచ్చేస్తుంది: "ఈ వయసులో తట్టుకోలేరు. జబ్బు కన్నా ముందు కీమోయే తీసుకుపోతుంది. ఉన్నన్నాళ్ళు హాయిగా ఉండనివ్వండి."

వినడానికి ఎంత దయగా ఉందో! మందు వెయ్యకపోతే ఈ జబ్బు హాయిగా ఉండనివ్వదన్న సంగతి మాత్రం ఆ గ్రూపులో ఎవరూ రాయరు. గడ్డలు వారాల్లో పెరుగుతాయి. జ్వరం, రాత్రిళ్ళు పక్కబట్టలు తడిసేంత చెమటలు, తిండి సయించకపోవడం. వైద్యం లేకపోతే చాలామందికి మిగిలేవి నెలలే. వైద్యం చేస్తే నాలుగో స్టేజీలో కూడా నయమయ్యే అవకాశమున్న కేన్సర్ ఇది. అలాంటిదాన్ని వయసు పేరు చెప్పి వదిలేస్తున్నారు.

"ఆ లెక్కలన్నీ కుర్రాళ్ళవి" అంటారా? ఫ్రాన్స్‌లో గేలా అనే వైద్య బృందం 60 నుంచి 80 ఏళ్ళ వాళ్ళనే 399 మందిని తీసుకుని, సగం మందికి పాత 'చాప్' కీమో, మిగతా సగానికి దానికి రిటుక్సిమాబ్ కలిపిన 'ఆర్-చాప్' ఇచ్చింది. 2002లో ఫలితాలు వచ్చాయి. రెండేళ్ళకు చాప్ వాళ్ళలో 57 శాతం, ఆర్-చాప్ వాళ్ళలో 70 శాతం బతికున్నారు. పదేళ్ళ తర్వాత మళ్ళీ లెక్కేస్తే 27.6, 43.5 శాతం. పోయినవాళ్ళలో గుండెజబ్బులాంటి వేరే కారణాలతో పోయినవాళ్ళూ ఉన్నారు. ఆ రిటుక్సిమాబ్‌ను మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ 2007 నుంచే రెడిటక్స్ పేరుతో అమ్ముతోంది. మందు దూరదేశాల్లో ఉందని వంక పెట్టడానికీ లేదు.

కీమోకు ఒప్పుకున్న ఇళ్ళలో ఇంకో బేరం మొదలవుతుంది. "ఆ ఎర్ర మందు మాత్రం వద్దు డాక్టరుగారూ, గుండెకు పడుతుందట." సిరంజిలో గులాబీ షర్బత్తులా కనిపించే డాక్సోరూబిసిన్ సంగతి. ఎక్కించిన రోజు ఒంటేలు కూడా ఎర్రగా వస్తుంది, చూసి హడలిపోతారు. ఈ కీమోకు వెన్నెముక అదే. గుండె మీద దాని ప్రభావం మొత్తం మోతాదును బట్టి పెరుగుతుంది. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 450 మిల్లీగ్రాములు దాటాక ప్రమాదం బాగా ఎక్కువ. ఆరు సైకిళ్ళకు పడేది 300. ఎకోలో గుండె పంపింగ్ నిజంగానే బలహీనంగా ఉంటే దాని బదులు వేరే మందులు వాడే పద్ధతులున్నాయి. ఆ నిర్ణయం ఎకో రిపోర్టు చూసి తీసుకోవాలి, బావమరిది మాట విని కాదు.

'మినీ చాప్' గురించి విన్నవాళ్ళు అదే కావాలంటున్నారు. అది 80 దాటినవాళ్ళ కోసం చేసిన ఏర్పాటు. డాక్సోరూబిసిన్ చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాముల బదులు 25, సైక్లోఫాస్ఫమైడ్ 750 బదులు 400, రిటుక్సిమాబ్ మాత్రం పూర్తి మోతాదు. 2011లో వచ్చిన ఫ్రెంచి అధ్యయనంలో అలా తీసుకున్న 149 మందిలో రెండేళ్ళకు 59 శాతం బతికున్నారు. ఆ వయసుకు గొప్ప సంగతే. కానీ రైతుబజారు నుంచి రెండు సంచులు మోసుకొచ్చే 66 ఏళ్ళాయనకు సగం మోతాదు అడగడం జబ్బుకు సగం వదిలిపెట్టడమే. ఫుల్ మీల్స్ ఎక్కువైతే మినీ మీల్స్ చెప్పుకునే వ్యవహారం కాదిది.

ఇక డబ్బున్నవాళ్ళ అపోహ: ఎంత ఘాటు కీమో అయితే అంత మంచిదని. 1993లోనే అమెరికాలో 899 మంది మీద మూడు ఘనమైన కొత్త కీమోలను పాత చాప్‌తో పోల్చి చూశారు. ఫలితం ఒకటే, కొత్తవాటితో విషప్రభావ మరణాలు ఎక్కువ. ఆర్-చాప్‌ను మూడు వారాలకో డోసు బదులు రెండు వారాలకోటి ఇచ్చి చూశారు, పెద్దవాళ్ళకు ఒరిగిందేమీ లేదు. ఎనిమిది సైకిళ్ళ కన్నా ఆరే మేలని 61-80 ఏళ్ళ 1,222 మందితో జర్మనీలో తేలింది. 2022లో ప్రచురితమైన పోలాటుజుమాబ్ కలిపిన పద్ధతిలో రెండేళ్ళకు జబ్బు ముదరకుండా ఉన్నవాళ్ళు 70.2 నుంచి 76.7 శాతానికి పెరిగారు. మొత్తం మీద బతికినవాళ్ళ సంఖ్యలో మాత్రం తేడా రాలేదు. పొలం బేరం పెట్టే ముందు ఆ రెండో వాక్యం కూడా చదవండి.

బయాప్సీ చేస్తే పాకుతుందట, పంచదార మానేస్తే గడ్డ ఎండిపోతుందట, పక్కన కూర్చుంటే అంటుకుంటుందట. ఏదీ నిజం కాదు. "పసరుతో నాలుగు రోజుల్లో గడ్డ కరిగింది" అన్నది మాత్రం ప్రమాదం. స్టెరాయిడ్ పడితే లింఫోమా గడ్డ కొన్నాళ్ళు నిజంగానే కరుగుతుంది, నాటు మందు పొట్లాల్లో స్టెరాయిడ్ కలపడం కొత్తా కాదు. మళ్ళీ లేచేసరికి విలువైన నెలలు పోయుంటాయి. బయాప్సీకి ముందే పడితే అసలు జబ్బేమిటో తేల్చడమే కష్టమవుతుంది.

ఒక్కటి ఒప్పుకోక తప్పదు. "కీమోయే చంపింది" అన్నది ప్రతిసారీ అబద్ధం కాదు. పైన చెప్పిన 149 మందిలో 12 మంది మందుల విషప్రభావంతోనే పోయారు. పెద్దవాళ్ళకు మొదటి సైకిలే గండం. అందుకే చాలామంది డాక్టర్లు కీమోకు వారం ముందు నుంచి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలిచ్చి మనిషిని కాస్త నిలబెడతారు, ప్రతి సైకిల్ తర్వాత తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ ఇస్తారు. ఇవి ఇస్తారా లేదా అని మొదటిరోజే అడగండి. హెపటైటిస్ బి పరీక్ష చేయించకుండా రిటుక్సిమాబ్ మొదలుపెట్టనివ్వకండి, లోపల అణగి ఉన్న వైరస్ లేచి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. షుగరున్నవాళ్ళకు స్టెరాయిడ్ రోజుల్లో షుగర్ ఎగబాకుతుంది, ఇన్సులిన్ మాట ముందే మాట్లాడుకోండి. చాప్‌లో ఉండే విన్‌క్రిస్టిన్‌తో మలబద్ధకం వస్తుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. సిగ్గుపడి దాచుకోకుండా చెప్పించండి.

డాక్టరు "ఓపిక ఎలా ఉంది?" అంటే కొడుకులు అందుకుని జవాబివ్వకండి, నాన్ననే చెప్పనివ్వండి. స్నానం తనే చేస్తున్నారా, ఈమధ్య ఎక్కడైనా పడ్డారా, మెట్లెక్కగలరా అన్నవాటిని బట్టే పూర్తి మోతాదా, తగ్గించాలా అన్నది తేలుతుంది, ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరాన్ని బట్టి కాదు. ఇంట్లో థర్మామీటరు ఉంచుకోండి. 100.4 డిగ్రీలు చూపిస్తే రాత్రి రెండయినా పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి, కీమో కార్డు వెంట పెట్టుకుని.