పుట్టుకతో సత్తువా, పెంపకంతో సత్తువా? పాచికల ఆటలో యాభై ఏళ్ల తగువు

పాచికలు అనగానే మనకు శకుని గుర్తుకొస్తాడు. పందెం, రాజ్యం పోగొట్టుకోవడం, అడవుల పాలవడం గుర్తుకొస్తాయి. అమెరికాలో 1974లో వెలువడిన ఓ పాచికల ఆటలో మాత్రం పందెం లేదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని కథ అల్లుతారు. ఒకరు సూత్రధారి. మిగతావారు తలా ఒక పాత్ర. గుహల్లో నిధులు వెదుకుతారు, రాక్షసులతో తలపడతారు. వేషం లేదు, రంగు లేదు. అంతా నోటిమాటే. దెబ్బ తగిలిందా, తప్పిందా అన్నది తేల్చేది పాచిక.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో ఉండే గ్యారీ గైగాక్స్, పొరుగు రాష్ట్రం మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్ దీన్ని తయారుచేశారు. మొదట అచ్చయినవి వెయ్యి ప్రతులే. ఇప్పుడు అనేక దేశాల్లో ఆడుతున్నారు. ఆటతోపాటు ఒక తగువూ పెరిగింది. మనిషి సత్తా పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా అన్నదే అది.

ఆరు గుణాలు, మూడు పాచికలు

ప్రతి పాత్రకూ ఆరు గుణాలుంటాయి. బలం, చురుకుదనం, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, పదిమందినీ ఆకట్టుకునే శక్తి. తొలి పుస్తకం ప్రకారం ఒక్కో గుణానికి మూడు పాచికలు వేసి కూడాలి. 3 నుంచి 18 దాకా ఎంతైనా రావచ్చు.

ఈ లెక్క గమనించదగ్గది. మూడు పాచికలు 216 రకాలుగా పడగలవు. 18 రావాలంటే మూడింటా ఆరే పడాలి. అందుకు ఒక్కటే దారి. అదే 10 రావడానికి 27 దారులున్నాయి, 11కూ అంతే. కాబట్టి ఎక్కువమంది నడిమి రకంగా తేలుతారు. ఏ ఊళ్లోనైనా వస్తాదులు ఒకరిద్దరే ఉన్నట్టు, ఇక్కడా 18 అరుదు.

పాచిక ఒకరికి వరమిచ్చి మరొకరి నోట మన్ను కొట్టడం కొందరికి నచ్చలేదు. అందుకే తర్వాత నాలుగు పాచికలు వేసి చిన్నది తీసేసే పద్ధతి వచ్చింది. 15, 14, 13, 12, 10, 8 అంకెలు అందరికీ సమానంగా ఇచ్చి, ఏ గుణానికి ఏది పెట్టుకుంటారో వారికే వదిలేసే పద్ధతీ వచ్చింది.

జాతిని బట్టి కూడిక, తీసివేత

పాత్రకు జాతి కూడా ఉంటుంది. మనుషులు, గనులు తవ్వే పొట్టి డ్వార్ఫులు, అడవుల్లో వందల ఏళ్లు బతికే ఎల్ఫులు, హాఫ్లింగులనే చిన్నవాళ్లు. 1974 పుస్తకంలో డ్వార్ఫు యోధుడు ఆరో మెట్టు దాటడానికి వీల్లేదు. మనిషికి అడ్డు లేదు. అన్ని వరాలూ ఇతర జాతులకే ఇస్తే మనిషి పాత్ర ఎవరూ తీసుకోరు కదా, అందుకని ఈ కట్టడి.

1978 పుస్తకంలో జాతికి అంకెలు కూడా కట్టారు. డ్వార్ఫుకు గట్టిదనం ఒకటి కలుపు, ఆకర్షణ ఒకటి తియ్యి. ఎల్ఫుకు చురుకు కలుపు, గట్టిదనం తియ్యి. ఆడ పాత్రల బలానికి మగ పాత్రలకన్నా తక్కువ హద్దు పెట్టారు. ఈ ఆడ, మగ తేడాను 1989 కూర్పులో ఎత్తేశారు.

2000లో వచ్చిన మూడో కూర్పు మెట్ల కట్టడిని తీసేసింది. కానీ జాతి అంకెలు ఉండిపోయాయి. ఓర్కులనే రాక్షసజాతికీ మనుషులకూ పుట్టిన పాత్రకు బలం రెండు కలిపి, తెలివి రెండు, ఆకర్షణ రెండు తీసేసింది.

తగువు ముదిరింది ఇక్కడే. ఫలానా జాతిలో పుట్టినవాడికి తెలివి తక్కువని పుస్తకంలోనే రాసేస్తే, లోకంలో సాటి మనుషులను అణచడానికి వాడిన మాటలకూ దీనికీ తేడా ఏమిటని చాలామంది అడిగారు. ఇది కల్పిత కథ, ఓర్కు మనిషి కాదు, తేడాలు లేకపోతే ఆటకు రుచేముందని మరికొందరు వాదించారు. ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. విలువిద్య చూపడానికి రంగం మీదికొచ్చిన కర్ణుణ్ణి కృపాచార్యుడు అడిగింది బాణం గురించి కాదు, కులం గురించే.

రైతు బిడ్డకు ఏమిచ్చారు?

2014 కూర్పులో ముఖ్య పుస్తకంలోని జాతులకు తీసివేతలు లేవు, కూడికలే ఉన్నాయి. 2020 నవంబరులో వచ్చిన మరో పుస్తకం, ఆ కూడికను ఇష్టమైన గుణానికి మార్చుకోవచ్చంది. 2024 కూర్పులో జాతికీ అంకెకూ ముడి పూర్తిగా తెంచారు. జాతి అనే అర్థమున్న మాటనే మార్చి, ప్రాణికోటిలో ఒక రకం అనే అర్థమున్న మాట పెట్టారు. కూడికలు ఇప్పుడు పాత్ర పెరిగిన తీరును బట్టి వస్తాయి.

అలాంటి జీవన నేపథ్యాలు పదహారు ఇచ్చారు. వాటిలో రైతు ఒకటి. రైతుగా పెరిగిన పాత్ర బలం, గట్టిదనం, వివేకం ఈ మూడింటిలోనే మూడు పాయింట్లు పంచుకోవాలి. పశువులను మచ్చిక చేసుకునే నేర్పు, ప్రకృతి జ్ఞానం అదనం. చదువులో మునిగిన పండితుడికైతే తెలివి పెంచుకునే వీలుంది.

మరి చేలో పెరిగిన పిల్ల మంత్రవిద్య నేర్వాలనుకుంటే? ఆ విద్యకు కావలసింది తెలివి. రైతు లెక్కలో దానికి పాయింటు లేదు. పుట్టుక గోడ కూల్చి పెంపకం గోడ కట్టారని కొందరు ఆటగాళ్లు అంటున్నది ఇందుకే. కొత్త నేపథ్యం కల్పించుకునే వీలు సూత్రధారికి పుస్తకంలోనే ఉంది. కాబట్టి రైతు బిడ్డకు తెలివి పాయింటు ఇవ్వాలా వద్దా అన్నది చివరికి ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారే తేల్చుకోవాలి.